శనివారం ఫాస్టింగ్

వసంత్ కుంజ్, న్యూఢిల్లీ
జూన్ 2003

ముద్దుల ఆడపడుచు సుభాషిణికి,

ఢిల్లీ నుంచి వదిన ఛాయ రాస్తున్నది. ఇంట్లో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. మీ అన్నయ్య ఎస్టీడీకి తాళం వేశారు. ఆ తాళం నంబరు ఆయనకొక్కరికే తెలుసు. పోనీ నువ్వు చేస్తే ఆయనే ఎత్తుతారు, ఎత్తి ఇచ్చి పక్కనే కుర్చీ వేసుకుంటారు. మనిద్దరం ఆయన గురించి నాలుగు మంచిమాటలు చెప్పుకోవాలంటే ఇక తపాలా శాఖే దిక్కు.

ముందు శుభవార్త. నాకు షుగరు వచ్చింది. డాక్టర్ చడ్ఢా ఆ మాట చెప్పినప్పుడు మీ అన్నయ్య కేశవరావుగారి మొహం నువ్వు చూడాల్సింది. ఎవరి లెక్కల్లోనో తప్పు దొరికిన ఆడిటరు మొహంలా వెలిగిపోయింది. "రోజుకి మూడు కాఫీలు. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నారు. పాపం, జబ్బు నాకే అయినా దాని మీద హక్కులన్నీ ఆయనవే.

డాక్టరు మాత్రలు రాసి, ఇంట్లోనే మిషను పెట్టుకుని చూసుకోమన్నారు. లేబరేటరీకి వెళ్ళిరావడానికి ఆటో ఖర్చు, అక్కడ ఫీజు, మధ్యలో ఆయన సెలవు, ఇవన్నీ కూడేసుకుని మీ అన్నయ్య చాందినీ చౌక్ దాకా వెళ్ళి, భగీరథ్ ప్యాలెస్‌లో హోల్‌సేల్ కొట్లన్నీ తిరిగి, బేరమాడి మిషను తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంది. వచ్చిన రోజు మహా సంబరపడ్డారు. మర్నాడు తెలిసింది అసలు సంగతి. చూసిన ప్రతిసారీ ఒక స్ట్రిప్పు పెట్టాలట, అది మళ్ళీ పనికిరాదట, ఒక్కోటి పాతిక రూపాయల పైమాటేనట. మిషను కొనడం పెళ్ళిలాంటిదే సుభాషిణీ, స్ట్రిప్పులు కొనడం కాపురం.

డాక్టరు ఫాస్టింగ్ ఒకసారి, తిన్నాక ఒకసారి చూడమన్నారు. "తిన్నాక పెరుగుతుందని అందరికీ తెలిసిందే. తెలిసిన సంగతికి పాతిక రూపాయలెందుకు?" అని రెండోది ఈయన అక్కడికక్కడే కొట్టేశారు. ఇక మిగిలింది ఫాస్టింగ్. దానికీ ఉపాయం దొరికింది. "ఫాస్టింగ్ అంటే ఉపవాసం. నువ్వెటూ ప్రతి శనివారం ఉంటావు. ఆ రోజు చూస్తే సరి, వారానికొక్క స్ట్రిప్పు" అన్నారు. నా ఉపవాసాలు నలభై ఏళ్ళుగా పుణ్యం కోసమే అనుకున్నాను, ఇలా పొదుపు పథకంలో చేరతాయని ఆ వెంకటేశ్వరస్వామి కూడా ఊహించి ఉండడు.

మొదటి శనివారం వైభవం చెబుతాను విను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కళ్ళజోడు మార్చి, నా వేలు పట్టుకున్నారు. పెళ్ళిలో కూడా ఇంత శ్రద్ధగా పట్టుకోలేదు. సూది గుచ్చారు. నేను కెవ్వుమన్నాను. రక్తం చాల్లేదు. మిషను "ఎర్" అంది. ఎర్రర్ అని పూర్తిగా అనే ఓపిక కూడా దానికి లేదు. స్ట్రిప్పు పోయింది. ఆయన ఆ స్ట్రిప్పు వంక చూసిన చూపులో సగం నా వేలి వంక చూసినా ధన్యురాలినయ్యేదాన్ని.

మన ప్రవల్లిక గ్రేటర్ నోయిడా హాస్టల్లో బాగానే ఉంది. ఆదివారం బస్సెక్కి వస్తుంది, నా చేతి పప్పు తిని, "మమ్మీ, టేక్ కేర్" అని చెప్పి పోతుంది.

మీ ఆయన మాణిక్యం అన్నయ్యగారిని అడిగానని చెప్పు. 

నీ వదిన
ఛాయాదేవి

*

రాజమండ్రి
జూలై 2003

మహారాజశ్రీ ఢిల్లీ వదినగారి పాదాలకు,

ఉత్తరం అందింది. షుగరు వచ్చినందుకు విచారించాను. మా అన్నయ్యని ఆడిపోసుకున్నందుకు అంతకంటే ఎక్కువ విచారించాను. ఏం చేశాడు పాపం? కట్టుకున్న దాని కోసం ఎండలో చాందినీ చౌక్ అంతా తిరిగాడు. నాకు ఈ ముప్ఫై ఏళ్ళలో మీ అన్నయ్యగారు కొనిపెట్టిన మిషను గ్రైండరు ఒక్కటే, అదీ నా కాజాల ఆర్డర్లకి పిండి రుబ్బుకోవడానికి.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. మా వంశంలో ఎవరికీ ఈ షుగరు లేదు. మా నాన్నగారు భోజనం చివర బెల్లంముక్క లేనిదే లేచేవారు కాదు, ఎనభై ఏళ్ళు బతికారు. నేను రోజంతా పాకం పొయ్యి ముందే ఉంటాను, పెళ్ళిళ్ళకి సారె కావిళ్ళు చేసి పంపుతాను, గుండ్రాయిలా ఉన్నాను. మీ వైపు సంగతి నేనెందుకు ఎత్తడం? మీ పెళ్ళిలో మీవాళ్ళు పెట్టిన లడ్డూలు ఎంత తియ్యగా ఉన్నాయో ఊరంతా చెప్పుకుంది.

సరే, వేలి సంగతి. అన్నయ్య వేలి కొసన గుచ్చుతున్నట్టున్నాడు. అక్కడ కాదు, వేలికి పక్కన గుచ్చాలి, నొప్పి తక్కువ. ముందు గోరువెచ్చటి నీళ్ళతో చెయ్యి కడుక్కో, బాగా తుడుచుకో. చెయ్యి కాసేపు కిందికి వేలాడెయ్యి, అప్పుడు వేలిని మొదలు నుంచి పైకి నిమురు. రక్తం దానంతటదే వస్తుంది, ఎర్రూ గిర్రూ అనదు. బొటనవేలూ చూపుడువేలూ వదిలెయ్యి, వంటపనికి కావాలి. స్ట్రిప్పుల డబ్బా మీద ఒక నంబరుంటుంది, మిషనులో కనపడే నంబరు అదీ ఇదీ ఒక్కటేనా అని చూసుకోమను. లేకపోతే నోటికొచ్చిన అంకె చెబుతుంది.

ఇవన్నీ ఎక్కడో విన్నవే, నా సొంతం కాదు.

కాఫీ తగ్గించు. 

సుభాషిణి

*

వసంత్ కుంజ్, న్యూఢిల్లీ
సెప్టెంబరు 2003

మా వంశం మచ్చలేని వంశమని చాటుకునే సుభాషిణికి,

నీ సలహా అమోఘం. వేలి పక్కన గుచ్చితే నొప్పి లేదు, రక్తం ధారాళంగా వస్తోంది. "చూశావా, మా చెల్లెలి తెలివి" అని మీ అన్నయ్య పొంగిపోయారు. ఎక్కడో విన్నావట. కాజాల పాకంలో వినపడిందా ఏమిటి?

ఇక్కడి సంగతులు విను. నా ఫాస్టింగ్ దిగనంటోంది. ప్రతి శనివారం రెండొందల పైనే. డాక్టరుగారి దగ్గరికి వెళితే నన్ను నోరు విప్పనివ్వరు కదా, ఈయనే ముందుకు వంగి, "డాక్టర్ సాబ్, ఫాస్టింగ్ దో సౌ దస్" అని పరీక్షలో కొడుక్కొచ్చిన మార్కులు చెప్పినట్టు చెబుతారు. ఆయన అదిరిపడి, "ఫాస్టింగ్ మేఁ ఇత్నా?" అని రాత్రి మాత్ర ఒకటి చేర్చారు. మళ్ళీ నెల అంతే ఉంటే దాన్ని రెట్టింపు చేశారు. ఒకసారి లేబరేటరీలో కూడా చేయించండి అంటే, "ఇంట్లో మిషను పెట్టుకుని బయట డబ్బులు పొయ్యడమెందుకు జీ" అని ఈయన నవ్వేశారు. డాక్టరు నవ్వలేదు.

ఇంతలో ఇంకో ఉపద్రవం. స్ట్రిప్పుల డబ్బా మీద సన్నటి అక్షరాలు ఇన్నాళ్ళకి చదివారు. మూత తీసిన మూడు నెలల్లో వాడెయ్యాలట. చవకపడుతుందని యాభై ఉన్న పెద్ద డబ్బా తెచ్చారు, వారానికొకటి చొప్పున వాడితే ముప్పాతిక డబ్బా మిగిలింది. మనిషికి తిండి సయించలేదంటే నమ్ము. వాడితే ఖర్చు, వాడకపోతే దండగ, ఇలాంటి ధర్మసంకటం పగవాడికి కూడా వద్దు.

"మిగిలినవి నాకే రోజూ చూడొచ్చుగా" అన్నాను. నా వంక జాలిగా చూశారు. "మిగతా రోజుల్లో నీకు ఫాస్టింగ్ ఎక్కడిది? రోజూ తింటావుగా!" అన్నారు. నిజమే కదా అనుకున్నాను.

ఆఖరికి ఒక ఆదివారం మా మెట్ల వరసలో ఉన్న ఫ్లాట్లవాళ్ళందరినీ పిలిచారు. "ఆయియే జీ, ఫ్రీ చెకప్!" డ్రాయింగ్ రూములో టేబులు మీద కొత్త టవలు పరిచి, దూది పెట్టి, మనిషి మనిషికీ సూది మార్చి (ఆ మర్యాదకేం లోటు లేదు) వరసగా గుచ్చారు. కింది ఫ్లోరు అహూజా ఆంటీ ఆలూ పరాఠాలు తిని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకి పెద్ద అంకె వచ్చింది. అప్పటినుంచి ఆవిడ మాతో మాట్లాడటం లేదు, షుగరు మేమే ఎక్కించినట్టు. నాకు మిగిలింది ఏమిటంటే, వచ్చినవాళ్ళందరికీ టీలు కాయడం.

ఇక ఈ మాట నీకే చెబుతున్నాను, మీ అన్నయ్య చెవిన పడకూడదు. ఈ మధ్య తెల్లారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి మెలకువ వస్తోంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, కళ్ళ ముందు మసక. మొన్న పాలగిన్నె చేతిలోంచి జారిపోయింది. ఏదో వయసు అనుకుంటున్నాను. ఒక్కటి కనిపెట్టాను, రెండు బిస్కట్లు నోట్లో వేసుకుంటే పావుగంటలో మామూలవుతుంది. అందుకని బట్టల బీరువాలో చీరల మధ్య బిస్కట్ పాకెట్ దాచుకుని, ఈయన లేవకముందే దొంగలా తింటున్నాను. షుగరు మనిషినై ఉండి తియ్యటి బిస్కట్లు! ఫాస్టింగ్ దిగకపోవడానికి ఈ దొంగతిండే కారణమేమోనని భయం. ఇవాళ్టి నుంచి మానేద్దామని స్వామికి మొక్కుకున్నాను.

మిషను నా రక్తం పీల్చినా బాధ లేదు కానీ, నా పరువు తియ్యకుండా ఉంటే చాలు.

ఛాయ

*

రాజమండ్రి
సెప్టెంబరు 2003

వదినా,

నీ మొక్కు నిన్నే పట్టుకుని మింగేలా ఉంది. ఆ బిస్కట్లు మానకు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, మానకు. దేవుడితో నేను మాట్లాడుకుంటాను.

వెటకారాలకి ఇప్పుడు టైము లేదు, దసరా ఆర్డర్లు నెత్తిమీదున్నాయి, అయినా పాకం దించి పక్కన పెట్టి రాస్తున్నాను. అడిగినవాటికి సూటిగా జవాబివ్వు. శనివారం ఎన్నింటికి చూస్తున్నాడు అన్నయ్య? చూసే ముందు ఆ రోజు నువ్వు ఏమేం తిన్నావు? తాగినవి కూడా రాయి. నీళ్ళు తప్ప అన్నీ రాయి. మిగతా రోజుల్లో పొద్దున్నే ఎప్పుడైనా చూశారా, ఒక్కసారైనా? రాత్రి మాత్ర పేరేమిటి?

స్పీడు పోస్టులో పంపు. ఖర్చవుతుందని అన్నయ్య అంటే ఆ డబ్బు నా కాజాల్లోంచి ఇస్తానని చెప్పు.

సుభాషిణి

*

వసంత్ కుంజ్, న్యూఢిల్లీ
అక్టోబరు 2003

పోలీసు ఇనస్పెక్టరు సుభాషిణిగారికి,

నేరస్థురాలు ఛాయాదేవి వాంగ్మూలం ఇస్తున్నది.

నేనేదో ఉపవాసం పేరు చెప్పి మెక్కుతున్నానని కదా నీ అనుమానం? వినుకో. శనివారం అన్నం మెతుకు ముట్టను. మా అమ్మ నేర్పిన ఉపవాసం నాది. పొద్దున్నే తలస్నానం చేసి, స్వామికి దీపం పెట్టి, గ్లాసుడు పాలు తాగుతాను, అదీ బెల్లం వేసి, పంచదార ముట్టను, నేనేం తెలివితక్కువదాన్ని కాదు. పదింటికి రెండు అరటిపళ్ళు. మధ్యాహ్నం అటుకుల ఉప్మా, కాస్త మజ్జిగ. మూడింటికి నీరసం వస్తుంది కనుక నాలుగు ఖర్జూరాలు. అంతే! సాయంత్రం మీ అన్నయ్య వచ్చి చూస్తారు. రాత్రికి చపాతీ ఫలహారం. నిష్ఠగా ఉపవాసం ఉన్న రోజు కూడా రెండొందల పైన ఉంటే, తిన్న రోజుల్లో ఇంకెంత ఉంటుందోనని డాక్టరు భయపడుతున్నారు, నేనూ భయపడుతున్నాను. మిగతా రోజుల్లో చూడటం లేదు. ఎందుకు చూడరో నీకు ముందే రాశాను, తింటాను కనుక.

మాత్ర పేరు చీటీ మీద రాసి ఇందులోనే పెట్టాను.

నీ మాట మీద బిస్కట్లు మానలేదు. మొన్న గురువారం మాత్రం పాకెట్ అయిపోయిందని మర్చిపోయాను. బీరువా దాకా వెళ్ళాను, తర్వాత ఏమైందో తెలియదు. చీరల మీద పడి ఉన్నాను. లేచాక ప్రవల్లిక పేరు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. భయం వేసింది సుభాషిణీ. నవ్వుతూ రాద్దామనుకున్నాను కానీ చెయ్యి రావడం లేదు. కన్నకూతురి పేరు.

ఒక్క మాట నేనూ అడుగుతాను. వేలి పక్కన గుచ్చాలని తెలుసు, డబ్బా మీద నంబరు తెలుసు, ఇప్పుడు మాత్ర పేరు కావాలి నీకు. మా వంశంలో లేదు, మా వంశంలో లేదు అని దండోరా వేసే మనిషికి ఇంత పాండిత్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఛాయ

*

రాజమండ్రి
అక్టోబరు 2003

వదినా,

నీ ఉత్తరం చేతికి రాగానే చదివి, వీధి చివర ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి ఫోను చేశాను. అన్నయ్య ఎత్తాడు. పుట్టి బుద్ధెరిగి వాణ్ణి నేను ఒక్క మాట అనలేదు, ఆ బాకీ అంతా ఒక్కసారే తీర్చేశాను. బయట నుంచున్న జనం తలుపు తీసి చూశారు. వాడు నీకెంత చెప్పాడో తెలియదు కనుక మళ్ళీ రాస్తున్నాను.

ఫాస్టింగ్ అంటే ఉపవాసం కాదు నా తల్లీ! పరగడుపు! రాత్రి తిన్నాక మళ్ళీ ఏమీ ముట్టకుండా, పొద్దున్నే లేచి, పాలూ కాఫీ కూడా తాగకుండా చూసేది. ఉపవాసం దేవుడికి, పరగడుపు డాక్టరుకి. నువ్వు బెల్లంపాలు, అరటిపళ్ళు, అటుకులు, ఖర్జూరాలు అన్నీ ఆరగించి సాయంత్రం చూపించుకుంటే రెండొందలు కాక ఏమొస్తుంది? ఆ అంకె చూసి డాక్టరు మాత్రలు పెంచాడు. ఆయన తప్పేముంది, ఫాస్టింగ్ అన్నారు, పెంచాడు. ఆ మాత్ర రాత్రంతా నీ ఒంట్లో షుగరు లాగేస్తోంది. తెల్లారేసరికి అడుగంటిపోతోంది. నీ చెమటలు వయసువి కావు, షుగరు పడిపోవడం. నువ్వు సిగ్గుపడుతూ తిన్న దొంగ బిస్కట్లే నిన్నింతకాలం బతికించాయి.

ఇంగ్లీషులో ఎమ్మే చేసిన అన్నయ్యకి ఫాస్టింగ్ అంటే తెలియలేదు. బాగుంది మా వంశం.

ఇక నువ్వడిగిన ప్రశ్న. ఫోనులో చెప్పలేకపోయాను, జనం ఉన్నారు. నాకు షుగరుంది వదినా. ఆరేళ్ళ నుంచీ ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. షుగరు మనిషి చేసిన కాజాలంటే ఎవరు కొంటారు? రుచి చూసి ఎన్నాళ్ళయిందో అని వెనకాల నవ్వరూ? మీ అన్నయ్యగారికి తెలిస్తే ఆ రోజే గరిట లాక్కుంటారు, ఇంత వయసొచ్చాక నా చేతిలో ఉన్నది ఆ గరిటొక్కటే. అందుకని పక్క పేటలో మందుల షాపుకి వెళ్ళి, మా ఢిల్లీ వదినకని చెప్పి స్ట్రిప్పులు కొంటున్నాను. కోప్పడకు. నీకు షుగరు రాకముందే నేను నీకు షుగరు తెప్పించేశాను. ఆ షాపతను నిన్ను అడుగుతూనే ఉంటాడు, "మీ వదినగారికి ఎలా ఉందమ్మా?" అని. బానే ఉంది, కాఫీలు మానదు అంటాను.

స్ట్రిప్పులు నాకూ ఖరీదే. అందుకే అన్నయ్యని మరీ తిట్టలేను, నేనూ రెండు వారాలకొకటి చొప్పున వాడతాను. రెండేళ్ళ కిందట నాకూ నీలాగే షుగరు పడిపోయింది. వంటింట్లో కూలబడ్డాను. మీ అన్నయ్యగారు పొయ్యి వేడికి కళ్ళు తిరిగాయనుకుని మొహం మీద నీళ్ళు కొట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు. మాట పెగల్లేదు, చెప్పలేకపోయాను. చెయ్యి చాపితే పాకం గిన్నె అంచు తగిలింది, వేలు నాక్కున్నాను. ఆ రోజు పాకం పెట్టకుండా ఉంటే ఇప్పుడీ ఉత్తరం ఎవరు రాసేవారో.

ఈ సంగతి నీ దగ్గరే ఉండాలి. నా మీద ఒట్టు. ముఖ్యంగా మీ మాణిక్యం అన్నయ్యగారికి తెలియకూడదు.

నువ్వెలా ఉన్నావో వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

సుభాషిణి

*

వసంత్ కుంజ్, న్యూఢిల్లీ
నవంబరు 2003

సుభాషిణీ,

బతికే ఉన్నాను. కంగారు పడకు, ఈ మాట వెటకారంగానే రాస్తున్నాను, కనుక కులాసాగా ఉన్నానని అర్థం చేసుకో.

నువ్వు ఫోను చేసిన సాయంత్రం మీ అన్నయ్య రిసీవరు పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. "ఎవరు?" అన్నాను. "చెల్లాయి" అన్నారు. ఆ పూట భోజనంలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. ఏదో మునిగిపోయిందనుకున్నాను. రాత్రి మాత్ర వేసుకోబోతుంటే ఆపబోయి, డాక్టరుని అడక్కుండా మాన్పించడానికి ధైర్యం చాలక, పోనీ వేసుకో అన్నారు. తాను మాత్రం నిద్రపోలేదు.

తెల్లారి కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన మనిషి, చేతిలో మిషను. నాకు అప్పటికే చెమటలు. "ఇవాళ శుక్రవారం కదండీ" అన్నానట, నాకు గుర్తు లేదు. వేలు గుచ్చారు. చేతులు నావి వణుకుతున్నాయా ఆయనవి వణుకుతున్నాయా తెలియడం లేదు. మిషను ఎర్ అంది. ఇంకో స్ట్రిప్పు తీశారు. మళ్ళీ ఎర్. ఇంకోటి తీశారు. పోయినవాటి వంక తలతిప్పి చూడను కూడా చూడలేదు సుభాషిణీ, ఆ మనిషి! అప్పుడు వచ్చింది అంకె. నలభై నాలుగు.

ఆయన వంటింట్లోకి పరిగెత్తడం వినపడింది. ఏదో పడింది, ఏదో పగిలింది. డబ్బాతో సహా వచ్చారు. చెంచా వెతకడానికి ఆగలేదు. పంచదార గుప్పెటతో తీసి నా నోట్లో పోశారు, దిండంతా పంచదార. "తిను ఛాయా. ఇంకా తిను. ఇంకా" అంటారు. నా కాఫీలో చెంచాకి పైన గోపురం ఉంటే గీకి పడేసే మనిషి. నాకు కాస్త తెలివి వచ్చాక చూస్తే, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నారు. అలా ఏడవగలరని నాకు తెలియదు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత, "ఏమండీ, చీమలు పడతాయి" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

ఆ పూటే డాక్టరు దగ్గరికి పోయాం. శనివారం సంగతి విని చడ్ఢా గారు, "ఆప్ లోగ్ పఢే-లిఖే హైఁ" అన్నారు, చదువుకున్నవాళ్ళు ఇలా చేశారేమిటని. రాత్రి మాత్ర పూర్తిగా తీసేశారు. బిస్కట్లు తినకపోయి ఉంటే ఏదో ఒక రోజు లేచేదాన్ని కాదని మీ అన్నయ్య మొహం మీదే చెప్పారు. అసలు ఇన్ని మాత్రలు కావలసిన షుగరే కాదట నాది. ఇప్పుడు ఈయన రోజూ పొద్దున్నే పరగడుపున చూస్తున్నారు, తిన్నాక చూస్తున్నారు, పడుకోబోయే ముందు చూస్తున్నారు. నా వేళ్ళు జల్లెడైపోయాయి. రోజూ ఇన్నెందుకండీ, ఖర్చు కదా అంటే నావంక కోపంగా చూస్తారు. ఇలాంటి రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, బాగుంది.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఆరేళ్ళుగా నన్ను షుగరు రోగిని చేసి ఊరంతా తిప్పినందుకు కోపం రాలేదు. ఆ షాపతనికి నా నమస్కారాలు చెప్పు, నేను కాఫీలు తగ్గించానని కూడా చెప్పు. గరిట సంగతీ అర్థమైంది. కానీ ఆ వంటింట్లో కూలబడ్డ రోజుంది చూడు, అది చదివిన దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. నేను బతికింది మిషను వల్ల కాదే. ఏమైందో తెలిసిన మనిషి పక్కన ఉన్నాడు కనుక బతికాను. నీ పక్కనున్న మనిషి విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడు. రెండోసారి కూడా చెయ్యి చాపిన చోటే పాకం ఉంటుందని ఎవరు చెప్పారు నీకు?

నువ్వు పెట్టించుకున్న ఒట్టు నాకు గుర్తుంది. నీకు తెలుసుగా, ఒట్లూ మొక్కులూ నాకు అంతగా అచ్చిరావని. అందుకని ఈసారి కవరు మీద నీ పేరు రాయలేదు, మాణిక్యం అన్నయ్యగారి పేరు రాశాను. నువ్వు గరిట పట్టుకుని పొయ్యి దగ్గర ఉండగా, ఈ ఉత్తరం వీధి అరుగు మీద ఆయనే చదువుతూ ఉంటారు.

అన్నయ్యగారూ, నమస్కారం. ఆవిణ్ణి కోప్పడకండి. గరిట లాక్కోకండి. మీ ఇంట్లో పంచదారకి కొదవ లేదు, ఎక్కడుందో మాత్రం చూసి పెట్టుకోండి. ఆవిడకి ఎప్పుడైనా చెమటలు పట్టినా, వణికినా, మాట తడబడినా నీళ్ళు కొట్టకండి. తెలివి ఉండగానే నోట్లో పంచదార పొయ్యండి.

మీ చెల్లెలు
ఛాయాదేవి